గంటపు మొనయు, ఆట నిడివియు

పెద్దలు చదువు సంచికలో వీడియో ఆటలను గూర్చి వ్యాసము వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. తెలుగు ఉపాధ్యాయునకు ఛందస్సో, వ్యాకరణమో, ప్రబంధమో విషయము కావలెను గాని, పిల్లలు అరచేత పట్టుకొని ఆడు యంత్రముతో పనియేమి అని ఆక్షేపింపవచ్చును. నా సమాధానము ఒక్కటే. మన పిల్లలు దేనితో గంటలు గడుపుచున్నారో దానిని ఎరుగక నిందించుట ఉపాధ్యాయధర్మము కాదు. చదువని కావ్యమును విమర్శించువానిని మనమేమందుమో, ఆడని ఆటను దూషించువానిని కూడ అదియే అనవలెను.

బరంపురమున తెలుగు బోధించు నేను చాలకాలము ఆ రెండవ కోవకే చెందియుంటిని. ఒక వేసవిలో మా మేనల్లుడు తన చిన్ననాటి నింటెండో డి.ఎస్. యంత్రమును, దాని తరువాతిదైన 3డి.ఎస్. యంత్రమును నా ముందుంచి, “మామయ్యా, ముందు ఆడి చూడండి, తరువాత తిట్టండి” అనెను. రెండు వేసవులు ఆడితిని. ఈ వ్యాసము దాని ఫలము.

ఇట్టి ఆటలను సమీక్షించువారు సాధారణముగా రెండు ప్రశ్నలను వేరువేరుగా వేయుదురు. తాకుతెర చేతికి లొంగుచున్నదా అనునది మొదటిది. ఆట ఎన్ని గంటలు వచ్చును అనునది రెండవది. ఈ రెండును ఒకే ప్రశ్న యొక్క రెండు ముఖములని నా అభిప్రాయము. చేతికి క్రొత్త విద్య ఎంతకాలము దొరకునో అంతవరకే ఆటకు నిడివి న్యాయము. దానిని దాటినది సాగదీత. దానికి ముందే ఆగినది అసమగ్రత.

మొదట యంత్రమును గూర్చి రెండు మాటలు. నింటెండో డి.ఎస్. 2004 నవంబరులో అమెరికాలోను, డిసెంబరులో జపానులోను విడుదలయినది. పుస్తకమువలె తెరచి మూయదగిన ఈ యంత్రమునకు రెండు తెరలు. క్రింది తెర తాకుడును గుర్తించును. 15 కోట్లకు పైగా అమ్ముడుపోయినదనిన దాని వ్యాప్తి తెలియగలదు. దాని తాకుతెరలో పారదర్శకమైన రెండు పలుచని పొరలు కొద్దిపాటి ఎడముతో ఉండును. పుల్లవంటి కలముతో నొక్కినచోట ఆ రెండును కలిసికొని, విద్యుత్తు మార్పువలన స్థానము తెలియును. అనగా ఇది ఒత్తిడికి పలుకు తెర. మన పూర్వులు తాటాకుపై గంటముతో వ్రాసినదియు ఒత్తిడి వ్రాతయే కదా! మొన సన్నము, గుర్తు స్పష్టము, వ్రాయునది చేతిక్రింద దాగదు.

2007లో ఐఫోను వచ్చిన తరువాత వ్యాపించిన గాజుతెరల పద్ధతి వేరు. అవి వ్రేలియందలి విద్యుత్ప్రభావమును గ్రహించును. ఒత్తిడి అక్కరలేదు, తేలికగా తాకిన చాలును. సుఖమే గాని, ఇందు రెండు లోపములు కలవు. వ్రేలు లావగుటచే తాను తాకినదానినే తాను కప్పివేయును. మఱియు, నున్నని గాజుపై వ్రేలికి ఆనవాలు లేదు. వామనగుంటలు ఆడు మన అమ్మమ్మలు మాటలాడుచునే గింజలు పంచగలిగిరనిన, గుంటయొక్క అంచు వ్రేలికి తెలియుటచేతనే. యంత్రముపై ఉబ్బుగానున్న మీటయు అట్టిదే, చూడకుండ నొక్కవచ్చును. ఆ మీట బొమ్మను గాజుపై గీచి, దానిని నొక్కుమనినచో బొటనవ్రేలు జారిపోవును. కన్ను ఆటను విడిచి వ్రేలిని కాచుకొనవలసివచ్చును. కనుక తాకుతెరపై మీటల బొమ్మలు గీచుట స్పర్శకళ కాదు. తాకబడునదే ఆటలోని వస్తువగుట స్పర్శకళ.

దీనికి మంచి ఉదాహరణము 2005లో వచ్చిన “కర్బీ: కాన్వాస్ కర్స్”. హాల్ లాబొరేటరీవారు నిర్మించిన ఈ ఆటలో నాయకుడు శాపవశమున కాలుసేతులు లేని బంతిగా మారును. అతనిని నడపుటకు మీటలు లేవు. ఆటగాడు కలముతో తెరపై ఇంద్రధనుస్సు వన్నెల గీత గీచిన, బంతి దానిపై దొరలును. ఎత్తుగా గీచిన ఎగబ్రాకును. ముందు అడ్డుగా గీచిన ఆగును. కాని సిరా మితము. గీచినకొలది తరుగును, బంతి నేలపై నిలిచిన త్వరగా నిండును. ఈ ఒక్క నియమముచే గీత గీచుట ఆలోచనతో కూడిన పనియైనది. అత్యల్పమైన సిరాతో గమ్యము చేరుమను పోటీ కూడ అందు కలదు. దానిని ఆడునపుడు నాకు కందపద్యము వ్రాయించు అభ్యాసము జ్ఞప్తికి వచ్చినది. మాటలు తక్కువయైనకొలది ప్రతి మాటకును బాధ్యత పెరుగును.

ఈ ఆట కథామార్గము పెద్దది కాదు. అదే ఏడు వచ్చిన “యోషి టచ్ అండ్ గో” ఇంకను చిన్నది. పైతెరనుండి జారిపడు శిశువునకు మబ్బుగీతలతో దారి కల్పించి, పిదప అతనిని మోయు యోషిని నడపుటయే అందలి పని. మరల మరల ఆడి లెక్క పెంచుకొనవలెను గాని, సాగు కథ లేదు. ఇంత చిన్న ఆటకు పూర్తి వెలయా అని పలువురు సణగిరి. వెల మాట వచ్చినపుడు ఆ సణుగుడు అన్యాయము కాదు. జీతపురాళ్లతో బిడ్డకు ఆట కొనువాడు లెక్క చూచుకొనుట సహజము. కాని రెండింటిని ఒకే కాట వేయరాదు. కర్బీ ఆట ముక్తకములను గూర్చిన శతకము వంటిది. ప్రతి రంగము తనంతట తాను ముగియును. అయినను రంగము రంగమునకు గీతతో చేయదగిన పని మారుచుండును. అది ఆగినచోట చేయి తృప్తిపడి ఆగును. యోషి ఆటలో చేయి నేర్వదగినది మొదటి సాయంకాలమే దాదాపు ముగియును. చిన్నదియగుట దాని దోషము కాదు, త్వరగా వట్టిపోవుట దోషము.

ఇక ప్రబంధమువంటి ఆట. 2007లో వచ్చిన “ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఫాంటమ్ అవర్‌గ్లాస్” సముద్రయానకథ. దర్శకుడు డైకి ఇవామోటో, నిర్మాత ఐజి ఆఓనుమా. పూర్వము మీటలతో సాగిన ఒక పెద్ద కథాశ్రేణిని ఇందు పూర్తిగా కలమునకు అప్పగించిరి. కథానాయకుడు కలపు మొన ఉన్న దిక్కునకు నడచును. ఓడ పోవలసిన దారిని పటముపై గీయవలెను. విసరుకఱ్ఱ తిరుగవలసిన వంపును ముందుగా గీచి చూపవలెను. అన్నిటికంటె మిన్న ఏదనిన, పటముపై ఆటగాడు తన చేతివ్రాతతో గుర్తులు వ్రాసికొనవచ్చును. ఒకచోట పైతెరయందలి ముద్రను క్రింది పటమున అచ్చొత్తవలెను. ఎట్లు? నేను అరగంట తెరను గోకి గోకి విసిగితిని. తుదకు విసుగుతో యంత్రమును పుస్తకమువలె మూసితిని. తెరచి చూడగా ముద్ర పడియున్నది! యంత్రము మడతపడునను సామాన్యవిషయమునే చిక్కుముడిగా మలచిన ఆ బుద్ధికి నమస్కరించితిని.

కాని ఈ ఆటపై గొప్ప ఫిర్యాదు ఒకటి కలదు. సముద్రరాజు ఆలయమను ఒక కట్టడములోనికి కథాక్రమమున మాటిమాటికి దిగవలెను. లోపల శాపవాయువు, ఇసుకగడియారమున ఇసుక ఉన్నంతవరకే రక్షణ. మామూలు కత్తికి చావని కావలిభూతములు తిరుగుచుండును. ప్రతి పర్యాయము చూచిన అంతస్తులనే మరల దాటి మరికొంత లోనికి పోవలెను. ఇది నిడివిని పెంచు యుక్తియే అని అనేకులు నిందించిరి.

నేను ఈ నిందను సగమే అంగీకరింతును. మన వైకుంఠపాళిలో పైవరుసనున్న పెద్దపాము మ్రింగిన, ఆటగాడు క్రిందికి జారి మరల మొదలిడును. అది గవ్వల చలువ. రెండవసారి ఎక్కునపుడు అతనికి క్రొత్తగా తెలిసినదేమియు లేదు. ఈ ఆలయము అట్టిది కాదు. బాంబులో, కొక్కెపుత్రాడో చేతికి వచ్చిన పిదప పాత అంతస్తులోనే దగ్గరిదారి తెరచుకొనును. నిరుడు మూడు నిమిషములు పట్టిన గది నేడు అరనిమిషమున దాటుదుము. వెనుకటి పర్యాయము పటముపై మన చేతితో వ్రాసికొన్న గుర్తు నేడు మనకు గురువగును. ఇది వల్లెవేత కాదు, అభ్యాసము. అయితే ఆ క్రొత్తదారులు ప్రతి అంతస్తునను లేవు. లేనిచోట పాతపనినే పాతరీతిని చేయవలసివచ్చును. అక్కడ నిర్మాతలు ఆటగాని కాలమును అప్పుదెచ్చుకొని తీర్చలేదు. నడిమి మజిలీనుండి మొదలిడు వీలు కల్పించుట ఆ అప్పులో కొంత తీర్చుటయే.

2009లో వచ్చిన “స్పిరిట్ ట్రాక్స్” ఈ నిందను విని దిద్దుకొన్నది. అందలి గోపురమున దాటిన అంతస్తులను మరల దాటనక్కరలేదు. కాని ఓడకు మారుగా రైలు వచ్చినది. పట్టాలపై దారి గీచిన తరువాత గమ్యము చేరుదాక చేతికి పని స్వల్పము. మొదటి ఆటలో నిడివి పునరుక్తివలన పెరిగిన, రెండవదానిలో నిరీక్షణవలన పెరిగినది. పునరుక్తిలో కొంత విద్యయైనను ఉన్నది. నిరీక్షణలో అదియు లేదు. కనుక లోకము మెచ్చిన ఈ దిద్దుబాటును నేను పూర్తిగా మెచ్చలేకున్నాను.

మసాహిరో సకురాయి దర్శకత్వమున 2012లో 3డి.ఎస్. యంత్రమునకు వచ్చిన “కిడ్ ఇకారస్: అప్‌రైజింగ్” మరియొక పాఠము. 25 అధ్యాయములు, వానిలో పెక్కింటియందు ముందు గగనవిహారము, పిదప నేలపై పోరు. ఒక్క కూర్చున్నచోట ఒక్క అధ్యాయము ముగియును. నిడివి విభజనలో ఇంతటి ఔచిత్యము అరుదు. కాని ఎడమచేత యంత్రమును మోయుచు, అదే చేత నడకయు కాల్పులును సాగించుచు, కుడిచేత కలముతో గురిపెట్టవలెను. మణికట్టు నొచ్చును. ఈ సంగతి ఎరిగియే కాబోలు, ఆటతోపాటు యంత్రమును నిలుపు చిన్న పీటను కూడ ఇచ్చిరి! ఆడునదానికి పీట కావలసివచ్చిన అది చేతియాట ఎట్లగును?

అంతకంటె బరువైన మాట ఇంకొకటి. మా చిన్నమ్మాయిది ఎడమచేతివాటము. సముద్రయానకథను నాకంటె చక్కగా ఆడినది. కలము ఏ చేతనున్నను ఆ ఆటకు ఒక్కటే. ఈ రెండవ ఆటను తెరచి, పది నిమిషములలో మూసివేసి, “నాన్నా, ఇది నాకోసం చేయలేదు” అని వెళ్లిపోయినది. ఎడమచేతివారు సుఖముగా ఆడుటకు వేరుగా కొనవలసిన అదనపు పరికరమున్నదని తరువాత తెలిసినది. ఆ మాట నన్ను చాలదినములు వెన్నాడినది. ఉద్యోగమున చేరిన తొలియేండ్లలో ఒక బాలుడు ఎడమచేత అక్షరములు దిద్దుచుండగా, మందలించి బలపమును కుడిచేతికి మార్పించినవాడను నేనే. వాని దస్తూరి ఎన్నడును కుదురలేదు. తెలుగు తనది కాదనుకొని వాడు తొలగిపోయెను. చేతికి అనుకూలించని పద్ధతి ఆటనేగాని భాషనేగాని దూరము చేయును.

నేటి స్థితి ఏమి? డి.ఎస్. కుటుంబము చరిత్రలో చేరినది, 3డి.ఎస్. తయారి 2020లో ఆగినది. 2017లో వచ్చిన స్విచ్ యంత్రమునకు గాజుతెర ఉన్నను, ఆటలలో అధికభాగము మీటలపైననే నడచుచున్నవి. కలపు ఆట చాలవరకు అంతరించినది. మన పిల్లల చేతులలో ఉన్నవి దూరవాణి యంత్రములు. వానిలో పెక్కు ఆటలు ఉచితమని వచ్చి, ప్రతిదినము పిలిచి, ఎన్నడును ముగియవు. కావ్యమునకు ఆశ్వాసాంతమున్నది, హరికథకు మంగళమున్నది. మంగళము పాడని కథకుడు శ్రోతలను ఇండ్లకు పోనీయడు. పొట్టి ఆటను నిందించు తల్లిదండ్రులు ఈ ముగింపులేని నిడివిని గుర్తింపకుండుట నాకు విచారకరము. ముగిసిన ఆట బాలునకు “నేను దీనిని పూర్తిచేసితిని” అను గౌరవమునిచ్చును. ముగియని ఆట ఆ గౌరవమును వాయిదా వేయుచునే యుండును.

కావున బిడ్డకు ఆట కొనిపెట్టు పెద్దలు గంటలు లెక్కింపక మూడు సంగతులు చూతురుగాక. తాకినచోట ఆటవస్తువే పలుకుచున్నదా? చేయి ప్రతిపూట క్రొత్తది నేర్చుచున్నదా? తుదకు మంగళమున్నదా?

ఈ మూడు ప్రశ్నలను నేను నా తరగతికి కూడ వేసికొనుచున్నాను. ఆంధ్రేతరప్రాంతములలోని మన బడులలో తెలుగునకు దొరకునది దినమునకు ఒక్క గంట, ఒక్కొక్కచోట అదియు లేదు. నిడివి తక్కువయని మనము దుఃఖించుచున్నాము, దుఃఖము న్యాయమే. ఆ నిడివికై అడుగుట మానరాదు. కాని దొరికిన గంటలో పిల్లవాని చేయి ఒక క్రొత్త గీత గీచినదా, గంట కొట్టునప్పటికి ఒక పద్యమైనను పూర్తిగా వానిదయినదా అనునది మన చేతిలోనున్న పని. ఇప్పుడు నా తరగతిలో ఇద్దరు పిల్లలు ఎడమచేత వ్రాయుదురు. వారి బలపమును నేను కదల్చుట లేదు.