విశ్వంభర - కారకవిచారము

విశ్వంభర యను పదము భూమికి పర్యాయములలో నొకటి. అమరసింహుడు దానిని అచల, అనంత, రస యను పేళ్ల చెంతనే పఠించెను. విశ్వమును భరించునది యను నర్థమున భృఞ్ ధాతువుపై ఖచ్ ప్రత్యయము వచ్చి, పూర్వపదమునకు ముమాగమము కలుగగా నీ రూపము సిద్ధించినది. సర్వంసహాశబ్దమునందును ఖచ్చే. రెండుచోట్లను ప్రత్యయము కర్త్రర్థమున వచ్చినది. అనగా మోయునది భూమి, మోయబడువారము మనము. ఈ యంశమును మనసున నుంచుకొని, మన ప్రాంతపు కవియొకరు ఈ పేరితోనే రచించిన కావ్యమును పరిశీలింతము.

డాక్టరు సి. నారాయణరెడ్డిగారు (1931-2017) పూర్వపు కరీంనగరు జిల్లాలోని హనుమాజీపేటలో జన్మించిరి. 1980లో వెలువడిన వారి ‘విశ్వంభర’ వచనకవితలో వ్రాయబడిన దీర్ఘకావ్యము. కవికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించెను. ఇందు నాయకుడు మానవుడు, భూమి రంగస్థలము, ప్రకృతి నేపథ్యము. చరిత్రపురుషులు పేరులేకయే, తమ చేష్టలచేతనే గుర్తింపబడుదురు. వ్యక్తులను విడిచి మానవత్వమునే నాయకునిగా నిలుపుట సామాన్యమైన పనికాదు. ఈ గుణమును కాదనువాడు రసికుడు కాడు.

అయినను ఒక సందేహము కలుగుచున్నది. కావ్యనామము భూమిని కర్త్రిగా జెప్పుచున్నది. కావ్యప్రణాళిక యామెను అధికరణముగా జేసినది. అధికరణమును కారకమే గదా, రంగస్థలము లేక నాటకమెట్లు నడచునని కొందరు సమాధానము చెప్పవచ్చును. అది సరియే. కాని యధికరణము క్రియకు నేరుగ నాధారముకాదు. కర్తద్వారమున, లేక కర్మద్వారమున మాత్రమే యాధారము. రంగస్థలము నటుని మోయును గాని, నటునితో మాటాడదు. మరియు కారకములు వక్త యొక్క వివక్ష ననుసరించునవి. వంటకు ఆధారమైన కుండనే ‘కుండ వండుచున్నది’ యని కర్తగా జెప్పుటకు శాస్త్ర మనుమతించినది. కావున భూమిని కర్త్రిగా జేయుటకు వ్యాకరణ మడ్డురాదు. కవి యట్లు వివక్షింపలేదు, అంతియే.

ఇది వట్టి శబ్దచర్చ కాదు. 2016లో సిద్దిపేట జిల్లాలో చేర్చబడిన మా హుస్నాబాదు మెట్టప్రాంతము. ఇచ్చటి గౌరవెల్లి జలాశయము మొదట 1.41 టి.ఎం.సి.లకు ఉద్దేశింపబడి, పిమ్మట 8.23 టి.ఎం.సి.లకు పెంపబడెను. గుడాటిపల్లె దాని ముంపునకు లోనయ్యెను. కవి జన్మించిన వేములవాడ ప్రాంతమునందును మధ్యమానేరు జలాశయమునకై పల్లెలు మునిగినవి. రామగుండమున ఓపెన్‌కాస్టు గనులు నేలకడుపును తెరచినవి. ఎండిన చేలకు నీరు వలయును, దీపమునకు బొగ్గు వలసియుండెను. ఆ యక్కర అసత్యముకాదు. కాని యీ పనులన్నిట భూమి త్రవ్వబడునది, ముంపబడునది, రంగస్థలమే కర్మయైనది. ముంపుపల్లెలను గూర్చిన పాటలలో వినవచ్చునది యీ కర్మపదము యొక్క శోకమే. ఆ శోకము న్యాయమైనది. అయినను శోకమొక్కటియే మనుష్యునకు భూమితోగల సంబంధమును చెప్పజాలదు.

అథర్వవేదమున పండ్రెండవ కాండమందు అరువదిమూడు మంత్రముల పృథివీసూక్తము గలదు. అందు ఋషి భూమిని త్రవ్వకుండ నుండలేదు. త్రవ్విన చోటు త్వరలో తిరిగి పెరుగుగాకయనియు, తాను నీ మర్మములను నొప్పింపకుందునుగాకయనియు ఆమెతోనే విన్నవించుకొనెను. త్రవ్వువాడు మనుష్యుడేయైనను, భూమి యిచ్చట సంబోధ్య. సంబోధింపబడినది వినగలదు, ఒప్పుకొనగలదు, ఒప్పుకొనకపోనుగలదు. కర్మకును అధికరణమునకును ఈ యధికారము లేదు.

నారాయణరెడ్డిగారి కావ్యము మానవుని మహత్త్వమును కొలిచినది; ఆ కొలతలో దానికి సాటి వచ్చునవి మన భాషలో తక్కువ. కాని మన కన్నులయెదుట నేల మారుచున్న యీ కాలమున ఆ కొలత యొక్కటి చాలదు. భూమిని రంగస్థలముగా జూచిన కవిత్వము మనుష్యుని విజయమును పాడగలదు. కర్మగా జూచినది వాని యపరాధమును పాడగలదు. సంబోధించిన కవిత్వమునకే ‘త్రవ్వవచ్చునా?’ యని యడుగు శక్తి గలదు. ఇకమీద ఈ ప్రాంతమున భూమినిగూర్చి కావ్యము వ్రాయబూనువారు, విశ్వంభరాశబ్దమునందలి ఖచ్ ప్రత్యయమును మరువకుందురుగాక.