చివరి దిద్దుబాటు ఎవరిది?

ఏఐతో కలిసి వ్యాసాలు రాయొచ్చా అనే చర్చలో అందరికీ అనుకూలమైన జవాబు ఒకటి స్థిరపడింది: రాయొచ్చు, కానీ మనిషి పర్యవేక్షణ ఉండాలి. 2023 జనవరిలో నేచర్, సైన్స్ పత్రికలు ఛాట్‌జీపీటీని రచయితగా గుర్తించబోమని ప్రకటించాయి. రాతకి బాధ్యత వహించలేని యంత్రం రచయిత కాలేదన్నది వాళ్ల వాదన. బాధ్యత మనిషిదే అన్నారు, మంచిదే. కానీ ఈ దేశంలో ‘మనిషి’ అనే మాట ఎప్పుడూ ఒంటరిగా నిలబడలేదు. ఏ మనిషి? ఏ వాడ మనిషి? దిద్దే కలం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న దళిత అధ్యయనాలు అడక్కపోతే ఇంకెవరూ అడగరు.

ముందే ఒక మాట స్పష్టం చేస్తున్నాం. యంత్రాన్ని ముట్టుకోవద్దనే మడి మాకు లేదు. తాతల నాటి నుంచీ ఇంట్లో పుస్తకాలున్నోళ్లకి రాత దిద్దే తండ్రి ఉంటాడు, ఇంగ్లీషు సరిచేసే మేనత్త ఉంటుంది, పత్రికలో తెలిసిన బాబాయి ఉంటాడు. ఆ సాయాన్ని ఎవరూ ‘సహాయకులతో కలిసి రాయడం’ అనలేదు, ప్రతిభ అన్నారు. వేలిముద్రల ఇళ్ల నుంచి యూనివర్సిటీకి వచ్చిన మాబోటి వాళ్లకి పరిశోధన ప్రతిపాదన ఎట్లా ఉండాలో చెప్పే దిక్కు లేదు. గైడు గది ముందు పడిగాపులు కాయకుండా, హాస్టల్లో అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా చెప్పే సాధనం దొరికితే కాదనుకోవడానికి మేమేమీ వెర్రోళ్లం కాదు. వద్దనడం ఉన్నోళ్లకి సుళువు.

అయితే ఈ సాధనం ఎవరి పక్షానా లేని సాధనమేనా? 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ ఒక ఉదంతాన్ని ప్రచురించింది. దళితవాడలో పెరిగిన ఒక పరిశోధకుడు సోషియాలజీ ఫెలోషిప్ దరఖాస్తులో ఇంగ్లీషు సరిచేయమని ఛాట్‌జీపీటీకి ఇచ్చాడు. అది ఇంగ్లీషుతో పాటు అతని ఇంటిపేరునీ ‘సరిచేసింది’. అతని పేరు పోయి ‘శర్మ’ వచ్చి కూర్చుంది.

దీన్ని పొరపాటు అనొచ్చు. కానీ పొరపాటుకీ ఒక దిక్కుంటుంది. ఇలాంటి చోట ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశముందో లెక్కగట్టి ఆ మాటను పేర్చడమే ఈ యంత్రం పని. అది చదివిన రాతల రాశిలో పరిశోధకుడి పక్కన ఎవరి పేరు ఎక్కువ కనబడుతుందో మనకి తెలీనిదా? ఊళ్లో ‘మీరేమిట్లు?’ అని అడిగి మన చోటేదో చూపించేవాళ్లు. యంత్రం అడగను కూడా లేదు. చదువుకున్నోడు కాబట్టి వాడు శర్మే అనుకుంది. ఆ మార్పు పట్టుకున్నది ఎవరు? ఆ పేరు మోస్తున్న మనిషే. అతన్ని ఎరగని మరొకరు పర్యవేక్షించి ఉంటే అది తప్పుగా కంటికి ఆనేదే కాదు.

తెలుగులోనూ మేము పరీక్ష పెట్టి చూశాం. 1991 ఆగస్టు 6న చుండూరులో రెడ్లు మూకగా దాడి చేసి 8 మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఈ సంగతిని వాడ భాషలో రాసి, ‘వ్యాస భాషలోకి మార్చు’ అని ఒక యంత్రానికిచ్చాం. ‘పొలాల్లో తరిమి నరికిర్రు’ అన్నది ‘ఘర్షణలో మరణించారు’ అయింది. చంపినోళ్ల కులం పోయి ‘కొందరు వ్యక్తులు’ మిగిలారు. ‘మాలపల్లె’ కాస్తా ‘వెనుకబడిన ప్రాంతం’ అయింది. తేదీ సరిగానే ఉంది, అంకె సరిగానే ఉంది, వ్యాకరణంలో తప్పు లేదు. వాస్తవాలు సరిచూసే ఏ సంపాదకుడైనా ‘సరే’ అని సంతకం పెట్టే రాత అది. అందులో లేనిదల్లా కర్త. చంపినవాడు లేని చావు అది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. కోర్టులో మాయమైన కర్త మన వాక్యంలో కూడా మాయమైతే ఇంకెక్కడ మిగులుతాడు?

ఈ నున్నటి భాషని యంత్రం కనిపెట్టలేదు. ‘ఇరువర్గాల ఘర్షణ’ అని దశాబ్దాలుగా రాసిన పత్రికలది, ప్రభుత్వ నివేదికలది ఆ భాష. యంత్రం వాళ్ల శిష్యుడు, అంతే.

పర్యవేక్షణ మాటెత్తినప్పుడు ఎవరికీ గుర్తురాని మనుషులు ఇంకొందరున్నారు. ఛాట్‌జీపీటీ మర్యాదగా మాట్లాడ్డం కోసం కెన్యా కార్మికులు హత్యలు, అత్యాచారాల రాతలు చదివి వేరుచేశారనీ, వాళ్లకి గంటకి 2 డాలర్ల లోపు కూలి ముట్టిందనీ 2023 జనవరిలో టైమ్ పత్రిక రాసింది. ఆ మురికి ఎత్తినోళ్ల పేరు ఏ వ్యాసం కిందా ఉండదు. పాకీవాళ్ల చేతుల మీద శుభ్రమై, ఆ పాకీవాళ్లనే గడప తొక్కనీయని ఇళ్లు మనం ఎరగనివా?

మనిషికి మనిషి తోడై రాసినప్పుడూ ఈ పేచీ ఉంది. పుదుచ్చేరి దగ్గరి పల్లెలో వ్యవసాయ కూలీ వీరమ్మ తన బతుకును ఏళ్ల తరబడి తమిళంలో జోసియాన్ రసీన్‌కి చెప్పింది. 1997లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆ పుస్తకంలో రచయితల వరసలో వీరమ్మ పేరే ముందుంది. అది గౌరవమే. అయినా చెప్పినదాంట్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చింది ఎవరనే ప్రశ్న పేరు ముందు పెట్టినంత మాత్రాన తీరదు. వీరమ్మ ఎదురుగా కనీసం ఒక మనిషి ఉంది; అడగొచ్చు, అలగొచ్చు, చెప్పడం మానేయొచ్చు. యంత్రం ముందు అలిగితే లాభమేంటి?

కాబట్టి ‘మనిషి పర్యవేక్షణ’ అనే నియమాన్ని మేము కాదనడం లేదు, అది సగమే అంటున్నాం. మిగతా సగం దళిత బహుజన పత్రికలు రాసుకోవాలి. మొదటిది, సొంత నోటి భాషలో రాసిన తొలిప్రతిని యంత్రం దిద్దిన ప్రతి పక్కన పెట్టుకునే చదవాలి. రెండోది, తేదీలూ అంకెలూ మాత్రమే కాదు, ప్రతి వాక్యంలో కర్త ఉన్నాడా, వాడ పేరు ఉన్నదున్నట్టే ఉందా అని చూడాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఎవరి బతుకు గురించి రాశామో చివరి దిద్దుబాటు వాళ్లదే కావాలి. చదువు రాకపోతే చదివి వినిపించాలి. ‘ఇట్లా కాదు జరిగింది’ అని వాళ్లు అడ్డం తిరిగిన చోట యంత్రం వాక్యమే పోవాలి, వాళ్ల వాక్యమే అచ్చుకావాలి. వాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు వ్యాసం కింద పడాలి.