వేలికొసన స్వరాలు

జపాన్ కంపెనీ కోర్గ్ 2007లో తెచ్చిన కాసిలేటర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యానికి మెట్లు లేవు. చేతిలో ఇమిడే పసుప్పచ్చ పెట్టె, దానిమీద ఒక టచ్‌ప్యాడ్. వేలు అడ్డంగా జరిపితే స్వరం మారుతుంది, నిలువుగా జరిపితే నాదం తీరు మారుతుంది. ఎంచుకున్న స్కేల్‌లో లేని స్వరం పలకదు కనుక సరిగమలు రానివారూ ధైర్యంగా వేలు పెట్టొచ్చు. లోపల 100 ధ్వనులు, 31 స్కేళ్లు. వాటిలో భైరవ్ ఉంది. మన పిల్లలు సరళీ వరుసలు నేర్చే మాయామాళవగౌళ స్వరాలే అవి! గమకం మాత్రం ఆశించకండి, స్వరం నుంచి స్వరానికి గెంతుతుంది.

అసలు పనితనమంతా లూప్‌లో ఉంది. ముందు డ్రమ్ము, దానిమీద బేస్, ఆపైన చిన్న పలుకు. కొద్ది మాత్రల ఆవర్తనం తిరుగుతూనే ఉంటుంది, వాయించేవారు పొరమీద పొర వేస్తూ పోతారు. తాళం తప్పిన దెబ్బ ఒక్కటి పడినా ప్రతి ఆవర్తనంలోనూ వినిపిస్తుంది. అందుకే చేయి తిరిగినవారు తక్కువ వాయిస్తారు, ఎక్కువ ఖాళీ వదులుతారు. ఆ నిగ్రహమంటే నాకు ఎంతో గౌరవం.

ఈ తొలి మోడల్‌లో కట్టిన లూప్‌ను దాచుకునే వీలు లేదు, స్విచ్ ఆపితే పోతుంది. నచ్చిన వరస కుదిరితే ఆపకముందే రికార్డు చేసుకోండి.