కీర్తనకు చోటిచ్చే గిటారు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఏ మందిరానికి వెళ్లినా ఆదివారం ఆరాధనలో పాట నడిచే తీరు ఒకటే. పెద్దవాళ్లెవరో పల్లవి ఎత్తుకుంటారు. హార్మోనియం శృతి నిలుపుతుంది, డోలక్ నడక పట్టుకుంటుంది, తాళాలు తోడవుతాయి, రెండోసారికి సంఘమంతా గొంతు కలుపుతుంది. ఈ ఇరవై ముప్పై ఏళ్లలో వీటి పక్కన కీబోర్డు, రిథమ్ ప్యాడు, గిటారు చేరాయి. కీబోర్డుకు, ప్యాడుకు ఏదో ఒక స్థానం కుదిరింది. గిటారుకే ఇంకా సరిగ్గా కుదరలేదు. ఒక్కోచోట వాయిస్తున్నట్టే తెలియదు, మరోచోట పాటనే మింగేస్తుంది. ఆ స్థానం కుదిర్చే గిటారు ఒకటుంది. పైపలక ఉబ్బెత్తుగా, వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వైపులా ఎఫ్ ఆకారపు రంధ్రాలతో ఉండే ఆర్చ్‌టాప్. దాన్ని మన కీర్తనలకు ఎలా వాయించాలి, దానికి ఎలాంటి యాంప్లిఫయర్ కావాలి అన్నదే ఈ వ్యాసం.

రాగం, తాళం రాసిన పాటల పుస్తకం

ఈ నేల మీద సంఘ సంగీతానికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ మిషను పెట్టిందే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మిషను నాటిన సంఘాలు ఇప్పుడు అందులోని రాయలసీమ డయాసిస్ కింద నడుస్తున్నాయి. దొరలు తమ దేశపు రాగాలతో పాటలు తెచ్చారు, నిజమే. కానీ తెలుగు క్రైస్తవుల నోట నిలిచింది కీర్తనే. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పల్లవి, అనుపల్లవి, చరణాల అచ్చులో క్రైస్తవ భక్తిని పోశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగం పేరు, తాళం పేరు ఇప్పటికీ కనిపిస్తాయి.

గిటారు పట్టే కుర్రాళ్లలో చాలామంది ఆ రెండు పేర్లు చదవరు. పాట మొదటి స్వరం పట్టుకుని సినిమా పాటకు వేసిన కార్డులే దీనికీ వేస్తారు. చిక్కు మొదలయ్యేది అక్కడే. కీర్తనకు కార్డులు లేవు. ఒక్క స్వర వరస, దానిలో గమకాలు, కింద ఆధార షడ్జం, అంతే. రాగంలో లేని స్వరం కార్డులో దూరిందంటే పాడే పెద్దావిడ గొంతు తడబడుతుంది. ఎందుకు తడబడిందో ఆమె చెప్పలేకపోవచ్చు, కానీ రెండో చరణానికి ఆమె స్వరం తగ్గిపోతుంది.

ఈ గిటారు ఎక్కడిది

అమెరికాలోని కలమజూ ఊళ్లో గిబ్సన్ కంపెనీ 1922లో ఎల్-5 అనే గిటారు తెచ్చింది. లాయిడ్ లోర్ పర్యవేక్షణలో తయారైన ఆ గిటారుకు వయొలిన్ పద్ధతిలో చెక్కిన పైపలక, ఎఫ్ రంధ్రాలు ఉండేవి. తీగలు బ్రిడ్జికి బిగించి ఉండవు. బ్రిడ్జి మీదుగా వెళ్లి కింద టెయిల్‌పీస్‌కు తగులుకుంటాయి. బ్రిడ్జిని పలకకు అంటించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. ఈ కట్టడం వల్ల నాదం చప్పున లేచి చప్పున తగ్గుతుంది. మామూలు ఎకూస్టిక్ గిటారులా సాగదు.

ఆ గుణాన్ని పూర్తిగా వాడుకున్నవాడు ఫ్రెడ్డీ గ్రీన్. కౌంట్ బేసీ బృందంలో 1937 నుంచి 1987లో చనిపోయే దాకా లయ గిటారు వాయించాడు. అన్ని బూరల మధ్య యాంప్లిఫయర్ లేకుండానే. దెబ్బకొక కార్డు, అందులో రెండు మూడు స్వరాలు, ఒక్కోసారి ఒకటే. మరో దారి చార్లీ క్రిస్టియన్‌ది. గిబ్సన్ 1936లో పికప్‌తోనే తెచ్చిన ఇఎస్-150 పట్టి, యాంప్లిఫయర్‌తో గిటారును సోలో వాయిద్యంగా నిలబెట్టాడు. మన సంఘానికి కావలసిన వాయింపు గ్రీన్‌ది. చార్లీ దగ్గర తీసుకోవలసింది పికప్ ఒక్కటే, అదీ కొద్దిగా.

చెక్కిన పలకతో వచ్చే అసలు ఆర్చ్‌టాప్ ఖరీదు మన సంఘాలకు అందదు. కానీ కలకత్తాలో తయారయ్యే గివ్సన్ వంటి గిటార్లలో ఎఫ్ రంధ్రాలు, టెయిల్‌పీస్, కదిలే బ్రిడ్జి ఉన్న రకాలు దేశమంతా తిరిగాయి. వాటి పలక ప్లైవుడ్డే, నాదంలో లోతు తక్కువే. అయినా చప్పున లేచి తగ్గే గుణం వాటిలోనూ ఉంది. ఇంట్లో మూలన పడి ఉన్న అలాంటి గిటారుకు కొత్త తీగలు వేసి, బ్రిడ్జి సరిచేస్తే ఆదివారానికి పనికొస్తుంది.

బ్రిడ్జి, శృతి

కడప జిల్లా ఎండ చెక్క మీద చూపే ప్రభావం చిన్నది కాదు. ఎండాకాలం చెక్క ఆరి కుంచించుకుంటుంది, తీగల ఎత్తు మారుతుంది, గిటారుకు చెయ్యి తగిలితే అంటించని బ్రిడ్జి జరుగుతుంది. అందుకే ఆరాధనకు ముందు ఒక్క పరీక్ష చేయాలి. పన్నెండో ఫ్రెట్టు మీద తీగను నొక్కకుండా తాకించి హార్మోనిక్ మోగించాలి, తర్వాత అదే ఫ్రెట్టు నొక్కి మోగించాలి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జిని కొద్దిగా వెనక్కి, టెయిల్‌పీస్ వైపు జరపాలి. తక్కువ పలికితే ముందుకు. మొదటి తీగకు, ఆరో తీగకు సరిపోయిందంటే మధ్యవి దాదాపు సర్దుకుంటాయి. సరైన చోటు దొరికాక బ్రిడ్జి పాదాల దగ్గర పెన్సిలుతో సన్నని గుర్తు పెట్టుకుంటే మళ్లీ వెతుక్కోనక్కరలేదు.

రెండో సంగతి శృతి. ఫోనులోని ట్యూనరు పచ్చగా వెలిగిందని గిటారువాళ్లు ధీమాగా కూర్చుంటారు. కానీ మందిరంలోని పాత హార్మోనియం రీడ్లు ఆ ట్యూనరు లెక్కకు ఉండవు. కొంచెం పైనో కిందో ఉంటాయి. హార్మోనియాన్ని ఆ పూట మార్చలేం, గిటారును మార్చగలం. కాబట్టి హార్మోనియం మీద షడ్జం పట్టించి గిటారును దానికే కలపాలి. కీబోర్డు కూడా ఉంటే దాని ఫైన్ ట్యూనింగును హార్మోనియానికి సరిపెట్టాలి. ముగ్గురూ కలిశాకే పాట.

మూడు స్వరాల కార్డు

ఒక ఆకారం దగ్గరగా చూద్దాం. ఆరో తీగ మీద ఎనిమిదో ఫ్రెట్టు, నాలుగో తీగ మీద ఏడో ఫ్రెట్టు, మూడో తీగ మీద తొమ్మిదో ఫ్రెట్టు. ఐదో తీగను నడిమి వేలి కండతో ఆపేయాలి, కింది రెండు తీగలు మోగకూడదు. పలికేవి సి, ఎ, ఇ. ఒకటో శృతిలో అయితే స, ద, గ. మూడూ మోహన రాగ స్వరాలే. మోహనంలో మ, ని లేవు కాబట్టి అలవాటుగా వేసే ఎఫ్ కార్డు, జి కార్డు రెండూ రాగాన్ని చెడగొడతాయి. ఎఫ్‌లో మధ్యమం ఉంది, జి మేజర్‌లో నిషాదం ఉంది. పంచమం దగ్గర నిలవాల్సి వస్తే ప, రి మాత్రమే మోగించి ఊరుకోవాలి.

ఈ ఆకారంలో ఖాళీ తీగ ఒక్కటీ లేదు. పాడేవాళ్లు ఒకటిన్నర అంటే ఒక ఫ్రెట్టు పైకి జరుగుతాం. ఐదో శృతి అంటే ఆరో తీగ మూడో ఫ్రెట్టుకు దిగుతాం. కాపో అక్కరలేదు. పల్లవి ఎత్తుకున్న పెద్దాయన ఆ రోజు గొంతు బాగోలేదని శృతి తగ్గించినా అదే క్షణంలో ఆయన వెంట వెళ్లగలం.

మధ్యమావతి దగ్గర ఇంకో పాఠం. అందులో గాంధారం లేదు, స రి మ ప ని మాత్రమే. షడ్జం మీద మేజర్ వేసినా మైనర్ వేసినా లేని గాంధారాన్ని తెచ్చి పెట్టినట్టే. అక్కడ స, ప, పై స చాలు. కదలిక కావాలంటే ప, ని, రి కలిపితే వచ్చే మైనర్ కార్డు, ని, రి, మ కలిపితే వచ్చే మేజర్ కార్డు రాగంలోవే. ఆనందభైరవి వంటి రాగాల్లో ఆ సాహసం కూడా వద్దు, షడ్జ పంచమాలు దాటకపోతేనే మేలు.

కుడిచేతి పని తాళం. ఆది తాళంలో దెబ్బలన్నీ సమంగా, డోలక్ గుమ్కీ కింద పడేట్టు వేయాలి. మిశ్రచాపులో తకిట తకధిమి అని ఏడు. దానికి మూడే దెబ్బలు: తకిటకు ఒకటి, తక దగ్గర ఒకటి, ధిమి దగ్గర ఒకటి. ఏడుకు ఏడూ కొడితే తాళాలవాళ్లకు పని లేకుండా పోతుంది.

అన్నింటికంటే ముఖ్యం ఎడమచేయి. దెబ్బ పడగానే వేళ్ల ఒత్తిడి సడలించాలి. వేళ్లు తీగల మీదే ఉంటాయి, నొక్కు మాత్రం ఉండదు. నాదం అక్కడితో ఆగుతుంది. గాంధారం మీద పాడేవాళ్లు గమకం వేసేటప్పుడు అదే గాంధారం గిటారులో కదలకుండా మోగుతూ ఉంటే రెండూ ఒరుసుకుంటాయి. గిటారు స్వరం అప్పటికే తగ్గిపోతే గమకానికి చోటు దొరుకుతుంది. సాగకపోవడం ఈ గిటారు లోపమని చాలామంది అనుకుంటారు. కీర్తనకు అది వరం.

యాంప్లిఫయర్ ఎంచుకోవడం

ఆ వరాన్ని పోగొట్టని యాంప్లిఫయరే మనకు మంచిది. ఎక్కువ వాట్లు కొంటే ఎక్కువ వినిపిస్తుందన్న లెక్క సరి కాదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. యాభై నుంచి వందమంది కూర్చునే మందిరంలో 30 నుంచి 60 వాట్ల ఎకూస్టిక్ యాంప్లిఫయర్ ధారాళంగా సరిపోతుంది. దాన్ని నేల మీద, మూలలో పెట్టకూడదు. మూల కింది స్వరాలను పెంచి గుమ్ముమనిపిస్తుంది. మన మందిరాల్లో నేల నాపరాళ్లు, పైన కాంక్రీటు స్లాబు. రెండూ శబ్దాన్ని తిప్పికొట్టేవే. ఖాళీ మందిరంలో శనివారం సర్దిన శబ్దం ఆదివారం జనం నిండాక మారిపోతుంది. అందుకే యాంప్లిఫయర్‌ను కుర్చీ ఎత్తున, సంఘం వైపు తిప్పి పెట్టి, మొదటి పాట అయ్యాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

పికప్పులు మూడు రకాలు. మెడ చివర బిగించి, పలకను తాకకుండా ఉండే అయస్కాంత పికప్ ఫీడ్‌బ్యాక్ కూతను బాగా తట్టుకుంటుంది. దానికి నికెల్ తీగలు కావాలి, కంచు చుట్టిన తీగలు దానికి సరిగ్గా అందవు. బ్రిడ్జి దగ్గర పెట్టే పీజో సహజంగా ఉంటుంది, కానీ దాన్ని నేరుగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో పెడితే రేకు డబ్బా శబ్దం వస్తుంది. మధ్యలో ప్రీయాంప్ గానీ డీఐ బాక్సు గానీ తప్పనిసరి. మూడోది ఎఫ్ రంధ్రం ముందు పెట్టే మైకు. చిన్న గదికి అందమైనది, డోలక్ పక్కనే ఉంటే దాన్నీ పట్టేస్తుంది.

బోలు గిటారుకు శత్రువు ఫీడ్‌బ్యాక్. సాధారణంగా 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య, ఆరో తీగ ఐదో ఫ్రెట్టు చుట్టుపక్కల స్వరానికి డొల్ల తనంతట తాను మోగడం మొదలుపెడుతుంది. అప్పుడు మొత్తం వాల్యూం తగ్గించేకంటే ఆ స్వరాన్నే ఈక్వలైజర్‌లో తగ్గించాలి. ఎఫ్ రంధ్రాల్లో స్పాంజి కుక్కాలి. గిటారు ముఖం స్పీకరుకు ఎదురుగా లేకుండా కూర్చోవాలి.

పులివెందుల పల్లెల్లో సువార్త కూటాలు ఆరుబయట జరుగుతాయి. అక్కడ హారన్లకు గిటారు కలపవద్దు. హారన్ మాటకు పుట్టింది, కింది స్వరాలు దానిలో పలకవు. పెట్టె స్పీకర్లు ఉంటే డీఐ బాక్సు ద్వారా వాటికి ఇవ్వాలి. లేదంటే బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయర్ పక్కన పెట్టుకోవాలి. ఎనిమిది చిన్న సెల్లులతో నడిచే రోలాండ్ క్యూబ్ స్ట్రీట్ ఇఎక్స్ వంటివి 50 వాట్ల దాకా ఇస్తాయి. కరెంటు పోయినా పాట ఆగదు.

ఒక్క జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. గిటారు తీగలు చాలావరకు ఎర్త్‌కు కలిసి ఉంటాయి. గిటారు యాంప్లిఫయర్‌కు ఒక బోర్డు నుంచి, మైకు సెట్టుకు మరో బోర్డు నుంచి కరెంటు తీసుకుని, ఏదో ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలించినవాడికి షాక్ కొడుతుంది. రెండూ ఒకే బోర్డు నుంచి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గుతోనే తీసుకోవాలి. గుయ్యిమనే శబ్దం పోవాలని ఎర్త్ పిన్ను పీకేయడం ఎప్పుడూ చేయకూడదు.

ఎవరి స్వరం గట్టిగా వినిపించాలి

యాంప్లిఫయర్ చాలా, చాలదా అన్నదానికి నాకు తెలిసిన కొలత ఒకటే. సంఘం పాడుతుండగా చివరి వరసలో నిలబడాలి. పక్కన ఉన్నవాళ్ల గొంతు ముందు వినిపించి, గిటారు దెబ్బ దాని కింద తెలిస్తే సరిపోయింది. గిటారే ముందు వినిపిస్తే, “తగ్గించన్నా” అని ఎవరో ఒకరు ముందుకొచ్చి చెప్పేదాకా ఆగకూడదు. తన గొంతు తనకే వినిపించని మనిషి మెల్లగా పాడటం మానేస్తాడు. మానేసిన సంఘాన్ని మళ్లీ పాడించడం ఏ మైకు సెట్టు వల్లా కాదు.

ఈ విద్య నిలవాలంటే మన మందిరాల్లోనే ఒక ఏర్పాటు జరగాలి. కీర్తనల రాగాలు, వరసలు నోటికి వచ్చిన పెద్దలు ప్రతి సంఘంలో ఇంకా కొందరున్నారు. కార్డులు తెలిసిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. శనివారం సాయంత్రం ఈ ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, వారానికి ఒక్క కీర్తన తీసుకోమనాలి. పెద్దాయన పాడతాడు, కుర్రాడు రాగంలో లేని స్వరాలను తన కార్డుల్లోంచి తీసేస్తాడు. ఏడాదికి యాభై కీర్తనలు చేతికొస్తాయి. దానికి యాంప్లిఫయర్ కూడా అక్కరలేదు.