చిలకల్ని తోలే పిల్లాడు

తెలుగు పిల్లలకి మాటలతో పాటే వచ్చేసే పాటల్లో 'చిట్టి చిలకమ్మ' ఒకటి. ఆ చిలక తోటకి వెళ్లేది పండు కోసం. నేనూ చిన్నప్పుడు చేతులు ఊపుతూ పాడినదాన్నే. పోయిన మే నెలలో నూజివీడు దగ్గర ఒక మామిడితోటలో, కాపలా పాక ముందు కూర్చున్న పిల్లాడిని చూశాక గానీ ఆ పాటలో ఒక మనిషి తక్కువున్నాడని తట్టలేదు. పదకొండేళ్లుంటాయేమో. పక్కన వడిసెల, రాళ్ల గుట్ట, చేతిలో వాళ్ల నాన్న ఫోను. చిలకలు వాలితే తోలాలి, కోతులొస్తే కేకెయ్యాలి. వాడి మటుక్కు వాడికి చిలక తోటకి రాకపోవడమే మంచిది.

పాట మీద నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదల్లా మన బాలసాహిత్యం మీద. వేసవి సెలవులు, అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, గోడ దూకే అల్లరి మూక, కర్ర పట్టుకుని తరిమే తోటమాలి... ఈ కథ ఎన్ని పేర్లతో చదివామో లెక్క లేదు. కథలో పిల్లలెప్పుడూ కంచెకి అవతలే ఉంటారు. తోటమాలి కోపిష్టి, చివర్లో మెత్తబడి ఓ పండు చేతిలో పెడతాడు. అతనికి పిల్లలున్నారా, ఉంటే ఆ పాకలో ఏం చేస్తున్నారు అని ఎవరూ అడగరు. చందమామని ఈ లెక్కలో కలపను. అది రాజుల, రాక్షసుల లోకం, మన ఊళ్ల సంగతి చెప్తానని మాటివ్వలేదు. మాటిచ్చినవి మన 'వాస్తవిక' పిల్లల కథలు.

నూజివీడు క్యాలెండర్ చూస్తే ఈ లోటు ఇంకా బాగా కనిపిస్తుంది. (పత్రాల్లో 2022 నుంచి ఏలూరు జిల్లా, నోటి మీద ఇంకా కృష్ణా జిల్లానే.) బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ, అన్నిటి హడావిడీ ఏప్రిల్, మే నెలల్లోనే. బడి సెలవులేమో ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఒక పిల్లాడికి సెలవులైనవే ఇంకో పిల్లాడికి సీజను.

ఇక్కడ ఒక చట్టాన్ని కథ చదివినట్టు చదవాలి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. గట్టి వాక్యమే. ఆ వెంటనే రెండు మినహాయింపులు. ఒకటి, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ, ప్రమాదం లేని పనుల్లో, కుటుంబానికీ కుటుంబ వ్యాపారానికీ పిల్లలు సాయపడొచ్చు. రెండు, సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో కళాకారులుగా పనిచెయ్యొచ్చు, చదువు దెబ్బతినకుండా. సర్కస్ మాత్రం కుదరదు.

లాయర్ల చదువు వేరు, నాకు మాటలే కనిపిస్తాయి. 'సాయం' అనే మాట ఎంత సాగుతుందో చూడండి. నాన్నకి మంచినీళ్లు అందించడమూ సాయమే, నలభై రోజులు తోట కాయడమూ సాయమే. 'కుటుంబ వ్యాపారం' రాసినప్పుడు వాళ్ల మనసులో మెదిలింది బహుశా కొట్టో మగ్గమో ఉన్న ఇల్లు. ఈ పిల్లాడి సంగతి చూస్తే, తోట ఒకరిది, కాపుని గుత్తకి కొన్నది మరొకరు, కాపలా జీతం మాత్రం వాళ్ల నాన్నది. ఇందులో వ్యాపారం ఉంది గానీ అది ఈ కుటుంబానిది కాదు.

2017 నిబంధనలు ఇంకా తమాషా. తెర మీద కనిపించే పిల్లకి రోజుకి ఐదు గంటలు మించి పనుండకూడదు, వరసగా 27 రోజులు దాటకూడదు, సంపాదనలో ఐదో వంతైనా ఆ పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఇంటికి సాయపడే పిల్లలకి మూడు గంటలు, అదీ సాయంత్రం 7 నుంచి పొద్దున్న 8 దాకా కూడదు. చిలకలు ఈ నిబంధన చదివినట్టు లేవు, తెల్లారగానే దిగుతాయి.

ఆ పిల్లాడు ఫోన్‌లో చూస్తున్నది ఓ డాన్స్ షో ముక్క. ఎనిమిదేళ్లుంటాయేమో, ఒక పాప ఏదో ఐటెం సాంగ్‌కి ఆడుతోంది, జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఒకే సెక్షన్‌లోని రెండు మినహాయింపులూ నా కళ్లముందే ఉన్నాయి. ఒకటి తెర మీద, ఒకటి తెర ముందు. ఆ పాప వీడికి కాలక్షేపం. వీడు చూసిన వ్యూ ఆ చానెల్‌కి లెక్క.

చదువు హక్కుని, మీడియా హక్కుని మనం రెండు వేరే గదుల్లో పెట్టి మాట్లాడతాం. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో అవి ఒకే కప్పు కింద ఉన్నాయి. 28వ అధికరణం చదువు, 32 పని, 17 మీడియా. 1992లో మనదేశం ఇందులో చేరుతూ, 32ని మెల్లమెల్లగా అమలు చేస్తామని ఓ ప్రకటన జతచేసింది. 17ని మాత్రం ఎవరూ పెద్దగా చదివినట్టు లేదు. హానికరమైన వాటి నుంచి పిల్లల్ని కాపాడే మార్గదర్శకాలు ఉండాలంటుంది, నిజమే. దానికన్నా ముందే, పిల్లల పుస్తకాలు తయారయ్యేలా, అందేలా ప్రోత్సహించాలంటుంది. మైనారిటీ, ఆదివాసీ పిల్లల భాషల్ని మీడియా పట్టించుకోవాలంటుంది. మనం కాపాడే సగాన్నే పట్టుకున్నాం. రియాలిటీ షోల్లో పిల్లలతో అశ్లీల డాన్సులు వేయించొద్దని 2019లో కేంద్ర సమాచార శాఖ చానెళ్లకి సలహా పంపింది. మంచిదే. చూడొద్దన్నది తెలిసింది. ఏం చదవాలన్నది?

చదువు వైపు మనవాళ్లు చేసింది చిన్నది కాదు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లల్ని బడికి తెచ్చిన శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్, ప్రపంచం అప్పటిదాకా అడుగుతున్న ప్రశ్ననే తిప్పేశారు. ఏ పని ప్రమాదకరం, ఏది కాదు అని జాబితాలు వెయ్యడం మానేసి, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నారు. పేదవాళ్లకి పిల్లల సంపాదన అవసరం అనే పాత పాటని ఒప్పుకోలేదు. ఆ మాట నెదర్లాండ్స్ నుంచి నడిచిన 'స్టాప్ చైల్డ్ లేబర్' ప్రచారానికి వెన్నెముక అయింది. ఆమెకి 2003లో మెగసెసే, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి అధ్యక్ష పదవి వచ్చాయి. టీవీ షోల్లో పిల్లల గురించి మార్గదర్శకాలు వచ్చిందీ ఆమె హయాంలోనే. (ఫౌండేషన్ పేరు ఆమె తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్యది. మామిడి నన్ను వదిలేలా లేదు.)

నా పేచీ ఒక్కటే. ఆ నిర్వచనానికి బడి తెరిచి ఉండాలి. హాజరుపట్టీలో పేరున్న పిల్లాడు మే నెలలో ఏమవుతాడో అందులో దొరకదు. బడితో పాటు బడిలోని పుస్తకాల బీరువాకీ తాళం పడుతుంది. ఖాళీ ఎక్కువ, పుస్తకం సున్నా, ఫోను నిండా డేటా. ఆ ఏడు వారాలూ అంతే.

సాహిత్యం వైపు నుంచి ప్రయత్నాలే లేవనను. 2008లో అన్వేషి సంస్థ 'డిఫరెంట్ టేల్స్' పేరుతో ఎనిమిది పుస్తకాలు తెలుగు, మలయాళం, ఇంగ్లీషుల్లో తెచ్చింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు రాసిన ఆ కథల్లో పిల్లలకి పని వచ్చు, వంట వచ్చు, బడిలో అవమానమూ తెలుసు. నాకు నచ్చింది ఏంటంటే, వాళ్ల మీద జాలి పడమని కథ అడగదు. పని పిల్లల్ని రాయబోయి కన్నీళ్లు రాసే అలవాటు మనకి బాగా ఉంది. తోట కాసే పిల్లాడికి ఏ కాయ ఎప్పుడు రాలుతుందో, ఏ కోతి మందకి పెద్దో తెలుసు. ఆ తెలివిని మెచ్చుకుంటే పనిని సమర్థించినట్టవుతుందేమోనని భయపడి మనం రెండూ వదిలేశాం. భయం అర్థం లేనిది కాదు. కానీ వాడికి తెలిసింది పుస్తకంలో ఎక్కడా లేకపోతే, పుస్తకం తనది కాదని వాడే తేల్చుకుంటాడు.

అదే ఏడు అనంతపురం జిల్లా ప్రకృతి బడి నుంచి 'కొత్తపల్లి' పత్రిక మొదలైంది. పిల్లలే రాస్తారు, బొమ్మలూ వాళ్లే వేస్తారు. కథలన్నీ బావుంటాయని చెప్పను. కొన్ని మరీ నీతి చుట్టూ తిరుగుతాయి, మాష్టార్ల గొంతు వినిపిస్తుంది. అయినా ఆ రోజు నా సంచిలో ఉన్నది దాని పాత సంచిక ఒకటే.

ఇచ్చాను. ఫోను పక్కన పెట్టలేదు గానీ, చూపు మళ్లింది. కూడబలుక్కుంటూ ఒక పేజీ చదివి, కథ కింద ఉన్న పేరు దగ్గర ఆగాడు.

"ఏడో తరగతి అని రాశారేంటక్కా?"

"రాసిన పిల్ల ఏడో తరగతి."

"వీళ్ల బడికి సెలవల్లేవా?"

ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఈలోపు పడమటి వైపు చెట్ల మీద చిలకలు గోలగా దిగాయి. పాకలోంచి వాళ్ల నాన్న కేకేశాడు. పేజీ ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి పెట్టి, వడిసెల తీసుకుని లేచాడు.