ఎనిమిదో తేడా

పిల్లల పేజీకి 'తేడాలు కనిపెట్టండి' బొమ్మ వేసేవాడు ముందుగా నేర్చుకోవాల్సింది, మీసం జోలికి పోకూడదని. ముఖంలో ఏం మార్చినా పాఠకుడు కాఫీ కప్పు కింద పెట్టేలోపే పట్టేస్తాడు. కళ్లు, బొట్టు, మీసం, నవ్వు, ఇవన్నీ సులువు తేడాలు. ఎనిమిదింటిలో రెండు ఇలాంటివి ఊరికే ఇచ్చేస్తాను, ఉత్సాహం చచ్చిపోకుండా. అసలు పనంతా మిగతా ఆరింటిలోనే. సంత బొమ్మే అనుకోండి. తక్కెడ పళ్లేనికి మూడు తాళ్లుంటే రెండు చేస్తాను. వంకాయల బుట్ట అల్లికలో ఒక వరస తీసేస్తాను. అరటిగెల నీడని కొంచెం సాగదీస్తాను. నీడలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. వాటి వంక చూసే నాథుడే ఉండడు.

ఇదివరకు ఇండియన్ ఇంకుతో బొమ్మ గీసి, జెరాక్స్ తీయించి, ఆ కాపీ మీద తెల్లరంగు పూసి మార్పులు చేసేవాణ్ని. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. ఇప్పుడంతా టాబ్లెట్‌లోనే. అసలు బొమ్మ ఒక లేయర్, మార్చింది దాని పైన ఇంకో లేయర్. పైదాన్ని తీస్తూ, వేస్తూ ఉంటే తేడాలన్నీ ఎక్కడివక్కడ గెంతుతాయి. పావుగంట వెతికినా దొరకని నీడ కూడా అలా చూస్తే తప్పించుకోలేదు. అవే రెండు బొమ్మలు, అవే కళ్లు. కాకపోతే తేడా ఇప్పుడు ఒకే చోట, మనం చూస్తుండగా జరుగుతోంది.

ఈ కిటుకు ఖగోళ శాస్త్రజ్ఞులకి ఎప్పుడో తెలుసు. 1930లో అమెరికాలోని అరిజోనాలో, లోవెల్ అబ్జర్వేటరీలో క్లైడ్ టాంబా అనే 24 ఏళ్ల కుర్రాడు చేసింది అచ్చంగా నా పాఠకులు చేసే పనే. ఆకాశంలో ఒకే భాగానికి జనవరి 23న ఒకటి, 29న ఒకటి తీసిన ఫొటో ప్లేట్లు. వాటి నిండా లెక్కలేనన్ని చుక్కలు. ఆ రెండింటినీ బ్లింక్ కంపారేటర్ అనే యంత్రంలో బిగించి, ఒకే ఐపీస్‌లోంచి కాసేపు ఇది, కాసేపు అది, మార్చి మార్చి చూశాడు. నక్షత్రాలు ఉన్నచోటే ఉన్నాయి. ఒక్క చుక్క మాత్రం అటూ ఇటూ గెంతింది. ఫిబ్రవరి 18న అలా దొరికిందే ప్లూటో. ప్లేట్లు పక్కపక్కన పెట్టుకుని వెతికి ఉంటే పాపం ఏమైపోయేవాడో!

గెంతిన చుక్క అంత తేలిగ్గా ఎందుకు పట్టుబడిందో తెలియాలంటే మెదడులోకి చూడాలి. కంటి కబుర్లు ఎక్కువగా చేరేది తల వెనకభాగంలో ఉండే విజువల్ కార్టెక్స్‌కి. 1950ల చివర్లో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లి మెదడులో అక్కడే సన్నటి ఎలక్ట్రోడ్ దించి, ఒక్కో న్యూరాన్ దేనికి పలుకుతుందో స్పీకర్ పెట్టుకుని విన్నారు. గాజు స్లైడ్ మీద నల్లచుక్క చూపించారు. ఉలుకూ పలుకూ లేదు. స్లైడ్‌ని పరికరంలోకి దూరుస్తుంటే దాని అంచు నీడ పిల్లి కంట్లో గీతలా కదిలింది. అంతే, న్యూరాన్ టపటపా మోత మొదలెట్టింది. (ఎంత పట్టించుకోకపోయినా, చివరికి నీడే పని చేసింది చూశారా!) ఈ పరిశోధనలకి 1981లో వాళ్లకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ న్యూరాన్లలో చాలావాటికి కొత్తగా వచ్చిందే కబురు. ఏదైనా ప్రత్యక్షమైనప్పుడు ఒక్కసారి గట్టిగా పలుకుతాయి, అది అక్కడే ఉండిపోతే జోరు తగ్గించేస్తాయి. పోయినప్పుడు పలికేవీ ఉన్నాయి. మన కన్ను కూడా దేన్ని చూస్తున్నా నిలకడగా ఉండదు, సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆ అదురు ప్రభావం లేకుండా, బొమ్మ రెటీనా మీద ఒకేచోట నిలిచిపోయేలా 1950ల్లో ఏర్పాటు చేసి చూశారు. కళ్లు తెరిచి ఉండగానే, కొద్ది సెకన్లలో బొమ్మ మాసిపోయింది.

మరి ఇంత చురుకైన యంత్రాంగాన్ని బురిడీ కొట్టించి నేను పొట్ట పోసుకుంటున్నానంటే, ఎలాగన్నది 1997లో రొనాల్డ్ రెన్సింక్, ఆయన సహచరులు చేసిన ప్రయోగంలో ఉంది. ఒక ఫొటో 240 మిల్లీసెకన్లు, తర్వాత ఖాళీ తెర 80 మిల్లీసెకన్లు, ఆ తర్వాత ఏదో ఒకటి మార్చిన ఫొటో, మళ్లీ ఖాళీ తెర. ఇలా తిప్పుతూ పోయారు. ఖాళీ లేకపోతే మార్పు వెంటనే తెలిసిపోయేది. రెప్పపాటు కూడా లేని ఆ ఖాళీ వచ్చి పడేసరికి, ఎంత పెద్ద మార్పయినా చాలాసేపటిదాకా జనానికి తట్టలేదు. ఖాళీ వచ్చిన ప్రతిసారీ బొమ్మంతా ఆరి, బొమ్మంతా వెలుగుతుంది. ఒక్కచోట మారిందన్న సంకేతం పెళ్లి బాజాల్లో సెల్‌ఫోను మోగినట్టు కలిసిపోతుంది. పత్రికలో ఆ ఖాళీ తెర పని పాఠకుడి కన్నే చేసిపెడుతుంది. ఎడమ బొమ్మ నుంచి కుడి బొమ్మకి చూపు గెంతిన ప్రతిసారీ అంతా కొత్తగానే వచ్చి పడుతుంది కదా. ముఖ్యమని తోచినవి తొందరగా, పక్కనున్నవి ఆలస్యంగా దొరకడం కూడా ఆ ప్రయోగంలో తేలింది. మీసం సంగతి అన్నమాట.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం 2001లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం. ముఖాలో, ఇళ్లో మారుతుండగా చూసేవాళ్ల మెదడుని స్కాన్ చేశారు. మార్పుని పట్టుకున్నప్పుడు విజువల్ కార్టెక్స్‌తో పాటు మెదడు పైభాగం, ముందుభాగం కూడా చురుగ్గా పనిచేశాయి. పట్టుకోనప్పుడు ఆ రెండింటిలో చప్పుడు లేదు. కానీ చూపుకి సంబంధించిన కొన్ని చోట్ల అప్పుడు కూడా ఎంతో కొంత స్పందన ఉంది! మనిషి 'ఏం మారలేదే' అంటున్నాడు, మెదడులో ఒక మూల మాత్రం అది నమోదవుతోంది. ఇలాంటివి చెప్పి 'చూసేదంతా భ్రమ' అని వేదాంతంలోకి దిగేవాళ్లుంటారు. నాకది నచ్చదు. నీడ అచ్చులో పొడుగ్గానే ఉంది, కబురు లోపలికి చేరనే చేరింది. అందుకున్నవాడు లేడు, అంతే.

మా అపార్ట్‌మెంట్‌లో ఆరో తరగతి పిల్లాడొకడు నా ఎనిమిదో తేడాని కూడా క్షణాల్లో చూపించేస్తుంటే ఎలాగని అడిగాను. "నేను వెతకను అంకుల్, మెల్లకన్ను పెడతా" అన్నాడు. రెండు బొమ్మలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా కళ్లు దగ్గరికి తెచ్చి చూస్తాడట, తేడా ఉన్నచోట మినుకుమినుకుమంటుందట. నిజమే. రెండు కళ్ల కబుర్లూ కలిసేది కార్టెక్స్‌లోనే. ఒక కంటికి తాడు కనబడి ఇంకో కంటికి కనబడకపోతే అక్కడ పేచీ తప్పదు. ఆ దెబ్బతో సబ్‌ఎడిటర్ గారిని బతిమాలి బొమ్మలు ఒకదాని కింద ఒకటి వేయించడం మొదలుపెట్టాను. కళ్లు అడ్డంగా కలుస్తాయి గానీ నిలువుగా కలవవు. రెండు వారాలు నిశ్చింతగా గడిచాయి. వాడిప్పుడు పేపరు పక్కకి తిప్పి పట్టుకుంటున్నాడు.