నాగపూర్ బండి, గొల్ల రామవ్వ గుడిసె

మా మందమర్రిలో రైలుకట్టకు దగ్గరగా ఇళ్లున్నవాళ్లకు గడియారంతో పెద్దగా పనుండదు. బండి వచ్చిందంటే వంటింటి అలమరలో గిన్నెలు గలగలలాడతాయి. అత్తమ్మ ఆ చప్పుడును బట్టే రాత్రి ఎంతయిందో చెప్పేస్తుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు దాటినా ఆ గిన్నెల భాష నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

ఆ బండి ఈమధ్య మా ఇంట్లో చిన్న తగవు పెట్టింది. మా అమ్మాయికి నాగపూరులో సీటు వచ్చింది. రాత్రి అన్నం తిని ఇక్కడ బండెక్కితే తెల్లారేసరికి అక్కడుంటుంది. అయినా అత్తమ్మ ఒప్పుకోలేదు. "గంత దూరం ఆడివిల్లను తోలిస్తవా? భాష గాని భాష, మనుషులు గాని మనుషులు" అంది. నా బి.ఏ. అయిన తరువాత హైదరాబాదులో ఎం.ఏ. చదువుతానంటే మా బాపు కూడా దాదాపు ఇవే మాటలన్నాడు. అప్పుడు నేను తలవంచుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోదలచుకోలేదు. నవలలు రాసేదాన్ని కదా, వాదనకు సాక్ష్యాలు పుస్తకాల్లోనే వెతుక్కున్నాను. వెతుకుతూ వెతుకుతూ, అత్తమ్మను గెలవడానికి తీసిన పుస్తకం ముందు నేనే ప్రశ్నలతో కూర్చుండిపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నల గురించి.

ముందు కొంచెం చరిత్ర. విసుక్కోకండి, త్వరగానే ముగిస్తాను.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. పై చదువులన్నీ ఇంగ్లీషులోనే సాగుతున్న ఆ రోజుల్లో ఒక దేశభాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య చెప్పిన మొదటి విశ్వవిద్యాలయం మన దేశంలో అదే. దానికోసం ఒక అనువాద శాఖనే పెట్టి శాస్త్ర గ్రంథాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. అది నిజంగా గొప్ప పని. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఆ తరువాత మరాఠీ, కన్నడం. ఇంగ్లీషు బరువు దిగిందిగాని, మన పిల్లలకు పరాయి భాష బరువు దిగలేదు.

ఆ విశ్వవిద్యాలయానికి ఇరవై ఏళ్లు నిండిన 1938లో, హాస్టళ్లలో పిల్లలు వందేమాతరం పాడుకోవడం మీద నిషేధం వచ్చింది. పిల్లలు వినలేదు, సమ్మె చేశారు. ఔరంగాబాదు, వరంగల్లు, గుల్బర్గా, మహబూబ్ నగర్ కాలేజీలకూ అది పాకింది. వందలమందిని వెళ్లగొట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆ పిల్లలకు తలుపు తెరిచింది నాగపూర్ విశ్వవిద్యాలయం. అదీ పసిదే. 1923లో పుట్టింది, అప్పటికి పదిహేనేళ్లది. దాని వైస్ ఛాన్సలర్ టి.జె. కేదార్ ఈ పిల్లల్ని చేర్చుకున్నారు. పొరుగింటి తల్లి కొట్టి బయటికి నెట్టిన పిల్లవాణ్ణి, తానే ఇంకా కొత్త కాపురం సర్దుకుంటున్న ఇల్లాలు లోపలికి పిలిచి అన్నం పెట్టినట్టుంది కదూ!

హైదరాబాదు నుంచి నాగపూరుకు సూటిగా వెళ్లే దారి మా ఊరి మీదుగా వెళ్లేదే. కాజీపేట, బల్లార్షాల మధ్య ఈ లైను 1929లో పూర్తయింది. మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి దాటి వార్ధా నది వంతెన ఎక్కితే నిజాం రాజ్యం వెనకబడిపోయేది. అంటే మా గిన్నెల్ని గలగలలాడించే ఈ కట్ట మీదుగానే ఒక తరం పిల్లలకు ప్రవాసానికి దారి పడిందన్నమాట. ఈ మాట నాకు నలభై ఏళ్లు దాటాకగాని తట్టలేదు.

అలా చదువుకోసం ఊరు దాటినవాళ్లలో ఒకరు పాములపర్తి వేంకట నరసింహారావుగారు. అప్పటికి పదిహేడేళ్లవారు, హనుమకొండలో చదువుతున్నారు. బహిష్కరణ తరువాత పూణే ఫెర్గూసన్ కాలేజీలో డిగ్రీ, నాగపూరులో న్యాయశాస్త్రం చదివారు. 1947-48లో రజాకార్ల రోజులు వచ్చాయి. పల్లెల్లో ఒక పక్క రైతాంగ పోరాటం, ఇంకో పక్క దాడులు, ఎటు చూసినా తుపాకులే. అప్పుడాయన సరిహద్దు అవతల చాందాలో స్టేట్ కాంగ్రెసు శిబిరంలో పనిచేశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, నిజాం పాలన ముగిసింది. తరువాత ఆయన ముఖ్యమంత్రి, ప్రధానమంత్రి అయ్యారు. 2024లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను మాట్లాడదలచుకున్నది ఆ పదవుల గురించి కాదు, 1949లో ఆయన రాసిన ఒక చిన్న కథ గురించి.

వరంగల్లు నుంచి పాములపర్తి సదాశివరావుగారితో కలిసి ఆయన 'కాకతీయ పత్రిక' నడిపారు. అందులో 'విజయ' అనే మారుపేరుతో 'గొల్ల రామవ్వ' కథ అచ్చయింది. కథ ఇంతే. రాత్రివేళ, తరుముతున్న పోలీసుల్ని తప్పించుకుంటూ ఒక యువకుడు ఒక గొల్ల ముసలమ్మ గుడిసెలోకి వస్తాడు. ఆ గుడిసెలో ఉన్నది ముసలమ్మా, ఆమె మనవరాలూ. రామవ్వ అతణ్ణి దాస్తుంది. గొల్లవాడి వేషం వేయిస్తుంది. పోలీసులు వచ్చి సోదా చేస్తే, మనవరాలిని అతని పక్కన భార్యలాగా చూపించి వాళ్ల కళ్లు కప్పుతుంది.

ఇంత చిన్న కథలో నాకు మొదట నచ్చిందేమిటో చెబుతాను. రాసినవాడు రెండు మూడు ఊళ్ల కాలేజీలు చూసి, ప్లీడరు చదువు చదివి, ప్రవాసం అనుభవించి వచ్చినవాడు. ఇరవై ఎనిమిదేళ్ల వయసు. అలాంటి వాడు కథ రాస్తే ఏం రాస్తాడు? నావంటిదాన్నయితే రైలు, హాస్టలు, కన్నీళ్లు, ఉపన్యాసాలు అన్నీ పెట్టి నన్ను నేనే నాయికగా నిలబెట్టుకునేదాన్ని. ఆయన ఆ పని చేయలేదు. తుపాకీ పట్టుకున్న కుర్రవాణ్ణి వీరుణ్ణి చేయలేదు. గుడిసెలోకి వచ్చాక అతను చెప్పినట్టు వినే పిల్లవాడు, అంతే. బుద్ధి రామవ్వది, ధైర్యం రామవ్వది, ఎప్పుడు ఏ అబద్ధం ఆడాలో తెలిసిన నేర్పు రామవ్వది. చదువుకున్నవాళ్లు వచ్చి పల్లెటూరి అమాయకుల్ని కాపాడటం మన కథల్లో కోకొల్లలు. ఇక్కడ ఒక చదువురాని ముసలమ్మ అతణ్ణి కాపాడుతుంది. ప్రవాసం నుంచి తిరిగొచ్చిన విద్యావంతుడు, తాము లేనప్పుడు ఊళ్లు కాచినవాళ్లకు పెట్టిన దండంలా ఉంటుంది నాకు ఈ కథ.

రెండోది భాష. రామవ్వ మాట్లాడేది మా పక్క పల్లెల్లో ముసలమ్మలు మాట్లాడే మాటే. పై చదువు ఉర్దూలో, ఇంగ్లీషులో చదివి, మరాఠీవాళ్ల మధ్య తిరిగొచ్చినా ఆయన చెవి ఆ మాటను మరిచిపోలేదు. తెలంగాణ మాటను పత్రికల్లో పనివాళ్లచేత, హాస్యానికి మాత్రమే పలికించిన రోజులు మనం చాలాకాలం చూశాం. ఆ మాటకు ఒక కథ నడిపే పెద్దరికాన్ని ఈయన 1949లోనే ఇచ్చారు.

సరే, ఈ మెప్పుదలంతా అత్తమ్మకు వినిపిద్దామని ఒక మధ్యాహ్నం కథ మొత్తం చదివాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. రామవ్వ పోలీసుల్ని మాయచేసిన చోట చేయి ఆపి, "మొగోళ్ల తెలివి ముంగట పారుతదా!" అని నవ్వింది. కథ అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగింది.

"పిలగాడు బతికిపాయె. మరి ఆ పోరి గతేమాయె?"

నేను నోరు తెరవలేకపోయాను. ఇన్నిసార్లు చదివానే, ఆ పిల్ల గురించి నాకెందుకు తట్టలేదు? మీరే ఆలోచించండి. పెళ్లీడు పిల్ల. అర్ధరాత్రి ఎవరో తెలియని మగవాడి పక్కన పెళ్లాంలాగా ఉండమన్నది నాయనమ్మ. ఆ పిల్లను ఎవరూ అడగలేదు, నీకిష్టమేనా అని. అబద్ధం బయటపడితే ముందు చావవలసింది ఆ పిల్ల. బయటపడకపోతే మరో ప్రమాదం. నలుగురి నోళ్లలో నలిగేదీ ఆ పిల్లే. వచ్చినవాడికి వెళ్లిపోవడానికి చీకటి ఉంది, దారి ఉంది. ఆమెకు ఆ ఊరే ఉంది. ఇల్లు కాపాడిన గౌరవం ముసలమ్మకు దక్కింది, దేశం కాపాడిన గౌరవం కుర్రవాడికి దక్కింది. ఆ పిల్లకు దక్కిందేమిటి?

ఇది కథకుడి తప్పని నేననను. చిన్న కథకు ఒక రాత్రే చాలు. ఆ రాత్రి మీద అంత పట్టుగా నిలబడబట్టే అది గొప్పకథ అయింది. కాని ఈ మౌనం ఒక్క కథది కాదు. 1938 గురించి నేను చదివినదంతా మగపిల్లల కథే. ఇప్పుడు కోఠీలో ఉన్న మహిళా కళాశాల 1924 నుంచీ ఉంది. అందులో చదివే ఒక పిల్లను వెళ్లగొట్టి ఉంటే ఆమెను నాగపూర్ బండి ఎక్కించేవాళ్లెవరు? మా బాపు ఎక్కించేవాడా? అత్తమ్మ ఎక్కించేదా? ప్రవాసం కూడా కొందరికే దొరికే భాగ్యం. నరసింహారావుగారికి చిన్నతనంలోనే పెళ్లయింది. ఆయన ఊళ్లు దాటి చదువుతున్న ఆ ఏళ్లు ఆయన భార్య సత్యమ్మగారికి ఎలా గడిచాయో నాకు తెలుసుకోవాలనుంటుంది. ఆ కథలు చెప్పేటప్పుడు ఆమె పేరు ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది.

ఇలా తగవు పెట్టుకున్న తరువాత న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. ఆయనకు మరాఠీ బాగా వచ్చు. ఆ భాషతో ఆయన చేసిన ఒక మంచి పని హరి నారాయణ ఆప్టే రాసిన నవలను 'అబల జీవితం' అని తెలుగు చేయడం. ఆ నవల మరాఠీ పేరుకు అర్థం, 'కాని, పట్టించుకునేదెవరు?' అని. 1890 తరువాతి ఏళ్లలో వచ్చింది. యమున అనే పిల్ల తన కథ తానే చెప్పుకుంటుంది. చిన్నతనం, కాపురం, చదువు నేర్పిన భర్త, అతను పోవడం, ఆ తరువాత బలవంతాన తల గొరిగించడం... అన్నీ ఆమె నోటితోనే. మరాఠీలో ఎన్ని నవలలు లేవు! వీరుల కథలు, కోటల కథలు ఆప్టేగారే బోలెడు రాశారు. వాటిని వదిలి ఒక వితంతువు గోడు తెలుగులోకి తెచ్చారాయన. విశ్వనాథవారి 'వేయిపడగలు' హిందీలోకి 'సహస్రఫణ్'గా తెచ్చినందుకు అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. నా మటుకు నాకు 'అబల జీవితం' ఇంకొంచెం దగ్గర. గుడిసెలో నోరు విప్పని పిల్లకు యమున నోరు అరువిచ్చినట్టు అనిపిస్తుంది. ఆయన అలా అనుకుని చేశారని కాదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకలా అనిపించింది.

1998లో ఇంగ్లీషులో వచ్చి, 'లోపలి మనిషి'గా తెలుగైన ఆయన నవలనూ ఈ పక్కనే పెట్టుకున్నాను. ఆ లావు పుస్తకంలో ఆనంద్ కళ్లతో రాజకీయాలన్నీ కనిపిస్తాయి. తెలివైన పుస్తకం, చరిత్రకు పనికొచ్చే పుస్తకం. అయితే అందులో అందర్నీ తూచేవాడు ఆనందే. 'గొల్ల రామవ్వ'లో చదువుకున్నవాడే తూకంలో కూర్చున్నాడు, తక్కెడ ముసలమ్మ చేతిలో ఉంది. అందుకే ఆ పెద్ద నవల కంటే ఈ చిన్న కథకే నా ఓటు.

ఇక మిగిలింది ఆ పిల్ల కథ. తెల్లారిన తరువాత ఆమె బతుకు ఎవరో ఒకరు రాయాలి. కథలు రాసే మనమే ఎందుకు రాయకూడదు? నేను మొదలుపెట్టాను. రెండు పేజీలు రాసి నాలుగు పేజీలు చింపాను. రామవ్వను రాయడం కంటే ఆ పిల్లను రాయడం కష్టమని తెలిసొచ్చింది. ముసలమ్మకు మాట ఉంది, ఈ పిల్లకు మాట నేనే వెతికిపెట్టాలి.

మా తగవు సంగతి చెప్పలేదు కదూ. నా సాక్ష్యాలన్నీ విన్న అత్తమ్మ వారం రోజులు ఏమీ అనలేదు. ఒకరాత్రి బండి వచ్చింది, గిన్నెలు మోగాయి. ఆమె చీకట్లోనే అంది.

"పోనియ్యి బిడ్డా. ఆ పోరిని ఎవలూ అడగలే. దీన్నన్న అడుగుదాం. పోతనంటే టేషన్కు నేనే వస్త."

అమ్మాయిని పొద్దున్నే అడిగాం. పోతానంది.